జామిలో విల్లు బేరం

చేతులు చాపండి మేడం అన్నాడు త్రినాథ్,
టైలరు టేపు పట్టుకుని.
చాపాను. వాళ్ళ పశువులశాల గోడ నుంచి
మోటారు సైకిలు అద్దం దాకా నేనే ఉన్నాను.
అరవై నాలుగు అంగుళాలు.
రెండున్నరతో భాగిస్తే ఇరవై ఐదున్నర,
పైన చిల్లర.
చిల్లర నా దగ్గరే ఉంచుకున్నాను, అలవాటు.

డిగ్రీలో ఉన్నప్పుడు నాది వెదురు విల్లు.
దానికి సైటూ లేదు, కప్పీ లేదు.
తగిలితే తగిలినట్టు, పోతే తుప్పల్లో వెతుక్కున్నట్టు.
నెల్లిమర్ల మిల్లు పాత గోనెలు కుక్కి
టార్గెట్టు మేమే కుట్టుకునేవాళ్ళం.
బాణం దిగితే గుప్పున జనుము వాసన.
తర్వాత ఉద్యోగం. పాలకొండ బస్సు.
పంతొమ్మిదేళ్ళలో నేను లాగిన అల్లెతాడు
గంట తాడొక్కటే.
ఒకసారి లాగితే ఆగాలి,
రెండుసార్లు లాగితే కదలాలి.

ఇది కాంపౌండు. రెండు చివర్లా గిలకలు,
నూతి గిలకల్లా గుండ్రంగా కాదు,
ఎవరో అరచేత్తో నొక్కేసినట్టు.
యాభై పౌండ్లలో ఉంది.
ముప్పై ఎనిమిది కావాలన్నాను.
వాడు నవ్వలేదు. అది నచ్చింది.
అలెన్ కీ తీసి పై బోల్టు ఒక చుట్టు,
కింద బోల్టు ఒక చుట్టు,
మళ్ళీ పైన, మళ్ళీ కింద.
"ఒకపక్కే ఇప్పితే ఊరుకోదండి, కచ్చి కడతాది."
నలభై రెండు దగ్గర ఆగిపోయాడు.
"ఇంతకి దిగదు. ఇంకా ఇప్పితే ఊడొచ్చేస్తాది."
నాలుగు పౌండ్లు తేడా,
బియ్యమైతే రెండు కిలోల్లోపు.
ఎడమ భుజాన్ని అడిగాను.
రాడ్డుకి వేలాడి రాజాం మలుపులన్నీ మోసిన భుజం,
అవునూ అనలేదు, కాదూ అనలేదు.

లాగాను.
మొదట మొరాయించింది. సగం దగ్గర పళ్ళు బిగిశాయి.
ఆ గట్టు దాటాక, ఉన్నట్టుండి,
సాలూరు ఘాటు ఎక్కేసి
డ్రైవరు గేరు తీసేసినట్టు.
నలభై రెండు కాస్తా ఎనిమిదైపోయింది.
విల్లంతా వంగి ఉంది,
చెయ్యి మాత్రం ఊరికే ఉంది.
ఎంతసేపున్నానో,
గుమ్మంలోంచి వాళ్ళమ్మ
"ఏటి అలగుండిపోనాది" అంది.
"వదలకండి మేడం! బాణం లేదు! ముక్కలైపోద్ది!"
మెల్లగా వెనక్కి తెచ్చాను.
లాగడం కంటే అదే కష్టం.

సైటులో ఒక చుక్క రెండు చుక్కలైంది.
చత్వారం. పీపులో కటకం పెట్టించుకోవాలి,
అది వేరే ఆరొందలు.
రిలీజు మాత్రం బొటనవేలి మీటది కావాలన్నాను,
చూపుడువేలిది వద్దు.
టికెట్టు మిషను నొక్కీ నొక్కీ
ఈ వేలికి ఓపిక వచ్చింది.
ఎవరెంత అరిచినా ఊరి పేరు వినందే నొక్కదు.

బాణాలు ఊరికే ఇస్తానన్నాడు. ఆరు.
ఒకటి తీసి వేళ్ళ మధ్య దొర్లించాను.
బిరుసు. వాడి చేతి పొడవుకి కోసినవి.
నా దగ్గర పక్కకి పోతాయి.
"ఇవి నువ్వే ఉంచుకో బాబూ."
"నాకెందుకండీ, సోమారం ట్రైనింగుకెల్పోతన్నాను.
అక్కడ వేరేవి ఇస్తారు."
వాళ్ళమ్మ లోపలికెళ్ళిపోయింది.
లోపల గిన్నెలు అవసరం లేకుండా చప్పుడయ్యాయి.

ముప్పై ఆరు వేలు.
ఫ్రిజ్జు కొందామని ఎత్తిన చీటీ.
వాడు వెయ్యి తగ్గించబోయాడు,
నేనే వద్దన్నాను.
బస్సులో ఇంతకాలం
ఎవరికీ రూపాయి తగ్గించని దాన్ని.

తిరుగు బస్సులో కండక్టరు కూర్మమ్మ, మా డిపోనే.
ఒడిలో గోనెసంచి, నా అంత పొడవు.
"ఏటే ఇది, లగేజీ కొట్టాలా?"
"కొట్టు."
"ఏటని కొట్టను?"
చెప్పాను.
మిషను కాసేపు వెతికింది.
విల్లుకి కోడు లేదుట,
మంచం కోడుకి ఉందిట.
పదిహేను రూపాయలు.
"ఈ వయసులో ఎవుల్ని కొడతావే" అంటూ
టికెట్టు చింపి చేతిలో పెట్టి,
నా తల మీదుగా చెయ్యి చాపి
తాడు రెండుసార్లు లాగింది.