కర్త లేని వాక్యం

మధ్యాహ్నం మూడింటికి టెఫిక్ బే కాగితం తెచ్చాడు,
ప్రింటరు వేడి ఇంకా పోలేదు దానికి.
"భద్రతా కారణాల వల్ల
ఈ రాత్రి కచేరీ రద్దు చేయబడినది."
అద్దానికి లోపలి వైపు అంటించమన్నాడు,
ఎవరూ చింపకుండా.

ఎవరు చేశారని అడిగాను.
గవర్నరు ఆఫీసు నుంచి ఫోనొచ్చిందట.
వద్దనలేదట వాళ్ళు,
"బాగా ఆలోచించుకున్నారా?" అన్నారట, అంతే.
బీమా కంపెనీ వద్దనలేదు,
ప్రీమియం మూడింతలు చేసింది.
పోలీసులూ వద్దనలేదు,
ఇవాళ మనుషుల్లేరన్నారు.
ఇంతమందిలో ఒక్కరూ వద్దనకుండా
ఒక గొంతు ఎలా ఆగిపోతుందో
మెర్సిన్ రేవు పక్కన ఈ హాల్లో
పదమూడేళ్ళుగా టిక్కెట్లు చింపుతున్నా
నాకు తట్టలేదు.

బడిలో పంతులమ్మ అనేది,
పనుందంటే చేసినవాడు ఉంటాడు,
వాక్యంలో వెతకండర్రా అని.
వెతికాను.
కచేరీ ఉంది. రద్దు ఉంది.
చేసినవాడు లేడు.
"బడినది" అన్న ముక్క మాత్రం
మెట్ల మీంచి ఎవరో తోసిన మనిషిలా
చివర పడి ఉంది.

నాలుగున్నరకి షిలాన్ వచ్చింది.
భుజాన సాజ్ పెట్టె, జుట్టు నిండా
దియార్‌బకిర్ బస్సు దుమ్ము.
కాగితం చదివి
"ఈసారి అచ్చుతప్పులు లేవు" అంది.
సిమిట్లమ్మే కుర్రాడి దగ్గర ఒకటి కొని
సగం వాడికే ఇచ్చి వెళ్ళిపోయింది.

నిజం చెప్పొద్దూ,
ఆమె పాటలు నాకు పడవు.
వాటి నిండా చనిపోయినవాళ్ళు.
నా తమ్ముడు సైన్యం నుంచి
కుడికాలు లేకుండా తిరిగొచ్చాడు,
ఆ పాటల్లో ఎక్కడా
వాడి కాలు లేదు.

ఇంకో నిజం.
రెండేళ్ళ కిందట ఓర్చున్ అనే హాస్యగాడు
కుంటి సిపాయిల మీద జోకులేస్తాడని
వాడి షో ఆగిపోయినప్పుడు
ఆఫీసంతటికీ నేనే టీలు తెప్పించాను.
అప్పుడూ ఇదే కాగితం.
ఇవాళ టెఫిక్ బే భుజం మీంచి చూశాను:
పాత ఫైలే తెరిచి
పేరూ తేదీ మార్చాడు.
పేరు కోసం అందులో ఒక ఖాళీ గీత ఉంది.
ఎవరి పేరైనా పట్టేంత పొడుగు.
నాదీ పడుతుంది, తమ్ముడిదీ పడుతుంది,
ఇంటిపేరుతో సహా.

సాయంత్రం డబ్బులు వాపసిచ్చాను.
కొందరు నన్ను తిట్టారు.
ఒక జంట నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని
చేపలు తిందామనుకుంటూ పోయింది.
ముకద్దెస్ హనుమ్ మాత్రం
నోట్లు వెనక్కి తోసేసింది.
"ఇవి నీకివ్వలేదు నేను.
తొమ్మిదో వరుస, పద్నాలుగో కుర్చీ,
ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా నాది.
టిక్కెట్టు మీద రాసి ఉంది, చదువుకో."
చదివాను. రాసే ఉంది.

తలుపు తెరవబడినది
అని రాయొచ్చు ఇక్కడ.
కాదు, నేను తీశాను.
స్టేజీ మీద ఒక్క దీపం వేశాను.

ఆమె కోటు విప్పలేదు.
సంచీలోంచి నారింజ తీసి ఒలిచింది,
ఏడువందల ఖాళీ కుర్చీల్లోకి
ఆ వాసన మెల్లగా వెళ్ళి కూర్చుంది.
నేను గోడవారగా నిలబడ్డాను.
ఏం వినపడలేదు.
ఒకసారి ఆమె దగ్గింది.
తర్వాత, అనుకుంటాను, నిద్రపోయింది.
తొమ్మిదిన్నరకి లేచి
తొక్కలు రుమాల్లో మూటకట్టుకుని
"కుర్చీ స్ప్రింగు గుచ్చుతోంది, చెప్పు మీవాళ్ళకి" అంది.

రేపు టెఫిక్ బే అడుగుతాడు,
దీపం ఎవరు వేశారని.
సమాధానం రెండు మాటలు.
ఇంటికి నడుస్తూ
దారంతా అనుకుని చూశాను.
మొదటి మాట దగ్గరే
నాలుక ఆగుతోంది.