నేను చెప్పని పాము

షార్జా దాటినంక సజ్జా.
మా ఇంట్ల సజ్జ అంటే
వాడని గంగాళాలు ఎక్కించే జాగ.
పేరు వినంగనే నవ్వొచ్చింది, పదకొండేండ్ల కింద.

నా పక్క మంచం ఎబో, ఘానావాడు.
ఇద్దరం పార్కింగ్ గీతలు కొడతం.
పసుపు, తెలుపు, మళ్ల పసుపు.
గీత వంకరపోతే ఫోర్‌మన్ తిడతడు,
తిన్నగ పోతే ఎవ్వడూ చూడడు.

ఓ రాత్రి ఏసీ పాడై మెట్ల మీద కూసున్నప్పుడు
అతని చెయ్యి చూసిన.
గాలిల ముక్కు గీస్తున్నది.
ముందు ముక్కు, తర్వాత కండ్లు.
నేనూ గట్లనే మొదలుపెడుతుంటి
జగిత్యాల టాకీసు వెనుక,
సుద్దదారం కొట్టి, గళ్లు వేసి,
నలభై అడుగుల హీరోను.
బుగ్గకు గులాబి, గదుమ కింద నీలం.
ఫ్లెక్సు వచ్చిన యేడు
కుంచెలు గ్యాస్‌నూనెల నానబెట్టి వచ్చిన.
ఇంకా నానుతున్నయేమో.

ఎబో చెప్పిండు, అరకొర హిందీల, మిగతాది చేతులతోని:
పిండిసంచులు విప్పి, రెండు కలిపి కుట్టి
దాని మీద సినిమా బొమ్మ.
వ్యాన్ల టీవీ, జెనరేటరు, ఊరూరా ఆట.
పెయింటరు సినిమా చూడడు.
కథ వింటడు, అదీ సగమే.
మిగతాది కుంచె చూసుకుంటది.
"సినిమాల పాము లేకున్నా సరే,
బొమ్మల పాము ఉండాలె.
టికెట్టు కొన్నోడు ఆఖరుదాకా
పాము కోసం కూసుంటడు."
"రాకపోతే కొట్టరా?"
"కొడతరు. వచ్చేవారం మళ్ల వస్తరు."

శుక్రవారం మెస్సుల రెండు బాసుమతి సంచులు దొరికినయ్.
రంగులంటే యార్డుల మిగిలినయే:
రోడ్డు పసుపు, రెడ్ ఆక్సైడు, తెలుపు, ఇంత తారు నలుపు.
కథ చెప్పుమన్నడు.
ఒక సినిమా ఉన్నది అన్న, అబద్ధమాడిన.
ఒకడు ఏజెంటుకు పైసలు కట్టి ఎడారికొస్తడు.
పాస్‌పోర్టు ఆఫీసు బీరువాల ఉంటది.
నడుమ పాటల్లేవు.
ఇంటర్వెల్ ఎప్పుడొచ్చి పోయిందో వానికే తెల్వదు.
"విలన్ ఎవడు?"
ఏజెంటు పేరు నోటిదాకా వచ్చి ఆగింది.
వాడూ మా వాడకట్టోడే, వానికీ షుగరు.

పొద్దుగూకేదాకా గీసిండు.
పసుపు మొఖం, ఎద్దుమెడ,
ఆరు చేతులు, చేతికొక కుంచె,
పెదవి చివర రెడ్ ఆక్సైడు నెత్తురు,
వెనుక బీరువాకు చుట్టుకున్న పాము,
పాము నోట్లె చిన్న నల్ల పుస్తకం.
నీలం దొరకలే.
ఆ మొఖం నాదే. మీసమొక్కటే హీరోది.
"నేను పాము సంగతి చెప్పలే కదా" అన్న.
"అవు, నువ్వు చెప్పలే" అన్నడు.

మెస్సు తలుపుకు వేలాడదీసినం.
సిల్హెట్ వంటోడు, పెషావర్ డ్రైవర్లు, ధర్మపురి పోరలు
పళ్లాలు పట్టుకొని నిలబడ్డరు.
ఎవల బొమ్మ అని ఎవ్వరూ అడుగలే.
ఆట ఎన్నింటికి అన్నరు.

తొమ్మిదికి, అన్నడు ఎబో, చేతులు తుడుచుకుంట.

ఎనిమిదిన్నరకే
బకెట్లు బోర్లేసుకొని కూసున్నరు.