రిమార్కుల గడి

తెల్లారుజామున నాలుగింటికి
వశిష్ట మొగలోంచి బోట్లు లోపలికొస్తాయి,
పాటుకి ఎదురు, ఇంజన్లు దగ్గుకుంటూ.
పల్లిపాలెం జెట్టీ మీద నేనుంటాను.
చేతిలో పెట్టె, మెళ్లో గుర్తింపు కార్డు,
ఉప్పుగాలికి తాడులా బిగుసుకున్న జడ.

పెట్టె నన్నడుగుతుంది, నేను వాళ్లనడుగుతాను:
బోటు నంబరు? ఏ వల? ఎన్ని కిలోలు?
అక్షాంశం ఎంత, రేఖాంశం ఎంత?

సంగాని ఏసోబు తలగుడ్డ పిండుకుంటాడు.
"లైట్‌హౌసు దీపం నీళ్లలో మునిగాక
ఇంకో రెండు బీడీల దూరం.
ఇరవై బారల లోతు, అడుగున బురద.
రాసుకో అమ్మా."
బీడీల్ని డిగ్రీల్లోకి మార్చే పని నాది,
నెలకి పదకొండు వేలు.

ఎక్కడో పరాయి రేవులో
కోటు తొడుక్కున్న ఒకాయన
మన వంజరం ముక్కని బల్ల మీద పెట్టి
ఎవరి వలలో పడ్డావే అని అడుగుతాడట.
చేప చెప్పదు. నేను రాసింది చెబుతుంది.
శిక్షణలో ఆ మాట విన్న రాత్రి
అమ్మతో గొప్పగా అన్నాను:
దొంగవేట ఇక సాగదు, సముద్రానికి లెక్కొచ్చింది.
అమ్మ గంప అడుగున పీతలేరుతూ
"లెక్క రాసేవాళ్లకి ఆకలేస్తుందా?" అంది.

మొన్న ఒక కంటైనరు వెనక్కొచ్చింది.
అందులో ఏసోబు బోటు పేర
వంజరం, ఆరు క్వింటాళ్లు,
పట్టిన తేదీ మే పంతొమ్మిది.

మే పంతొమ్మిది!
ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా
మన నీళ్లకి గడియ వేసి ఉంటుంది కదా.
ఆ రోజు ఏసోబు బోటు ఇసకలో బోర్లా పడుకుంది.
పగుళ్లకి జిగురు పూస్తుంటే
దాని నీడలో గోధుమరంగు కుక్క ఈనింది.
వంగి చూసి లెక్కపెట్టాను,
ఐదు పిల్లలు, ఒకదానికి చెవి తెల్లన.

ఆ మధ్యాహ్నమే
ప్లాంటు సూపర్‌వైజరు ఒక చీటీ ఇచ్చాడు,
చీటీతోపాటు పలావు పొట్లం.
రాత్రిళ్లు దీపాలార్పుకుని తిరిగిన ఏదో పెద్ద ట్రాలరు,
దాని సరుక్కి ఒక పేదబోటు పేరు కావాలి.
నంబరు చూశాను.
పొట్లం విప్పి, ఎడంచేత్తో కొట్టాను.

చింతా పేరంటాలు ఆ రోజే మొప్ప ఎత్తి చూసింది.
"ఇది తొమ్మిది రోజుల ఐసు.
దీని కన్ను మన నీళ్లు చూడలేదు" అంది.
పేరంటాలు ముక్కుకి పాస్‌వర్డ్ లేదు,
అందుకని ఎవరూ ఎక్కించుకోలేదు.

ఇవాళ జీపు వచ్చింది.
ఏసోబు లైసెన్సు, డీజిలు రాయితీ,
రెండూ ఒక్క సంతకంతో ఆగిపోయాయి.
అతను నవ్వాడు, అదే నాకు కష్టమైంది.
"వెళ్లిన వేటల్లో ఒక్కనాడూ అంత పడలేదమ్మా,
వెళ్లని వేటలో ఆరు క్వింటాళ్లంట!"
ఎవరు రాశారని అడగలేదు.
అడిగితే బావుండేది.

ఫారం అడుగున ఒక గడి ఉంటుంది, రిమార్కులు.
రెండొందల అక్షరాలకు మించరాదు.
మూడేళ్లుగా అందులో నేను పెట్టింది
ఒక చిన్న గీత మాత్రమే.

చీకటి పడ్డాక జెట్టీ మీద కూర్చుని
పాత తేదీ తెరిచాను, గీత చెరిపాను.

ఆ రోజు ఈ బోటు ఒడ్డునే ఉంది.
దాని కింద కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది.
చేపలు వేరే ఓడవి.
రాసింది నేనే, పాలెపు రత్నకాంతం.

ఇంకొన్ని అక్షరాలు మిగిలాయంది పెట్టె.
పలావు సంగతి కూడా రాశాను.
నొక్కాను.
సిగ్నలు లేదు, గుండ్రం తిరుగుతూనే ఉంది.
పోటు మొదలైంది.
చెయ్యెత్తి పెట్టెని ఆకాశానికి చూపిస్తూ
జెట్టీ చివరిదాకా నడిచాను.