శనివారం లోపు

మాలకొండ సామికి వారానికి ఒక్కటే డ్యూటీ.
శనివారం తలుపు తీస్తారు, మిగతా ఆరు రోజులూ మూతే.
అందుకని మా మాలకొండమ్మ పెళ్ళికి
ముహూర్తం వెతికే పని తప్పింది.
పేరిచ్చిన దేవుడే పుస్తె కట్టిస్తాడంట,
యాభై ఆరేళ్ళకి, రెండోసారి.

శుక్రవారం చీకటి పడేసరికి
టంగుటూరులో దాని రేకుల ఇంట్లో దిగాం,
నేను, తిరపతమ్మ, ఖాసింబీ, రూతమ్మ.
ఒకే గోనెపట్టా మీద కూర్చుని
పొగాకు గ్రేడు చేసిన చేతులు మావి.
కంపెనీ మూసి ఎన్నేళ్ళయినా
ఏది చేతికిచ్చినా ముందు వెలుతురుకి పడతాం.

పెళ్ళికొడుకు ఫోటో కూడా అట్టాగే చూసింది తిరపతమ్మ,
ఫోను బల్బు కిందకి ఎత్తి, కళ్ళు చికిలించి:
"బ్రైటు కాదులే. మీడియం.
అంచులు కాస్త మాడినయ్యి, ఈనె మాత్రం గట్టిది."
శింగయ్య డిపోలో టైర్లు మార్చి రిటైరైనోడు.
"బేరం అయిపోయింది, మీరు కొనేదేం లేదు" అని
మాలకొండమ్మ ఫోను లాక్కుంది.
సిగ్గుపడింది కూడా. నేను చూశా.
ఇంతకుముందు ఎప్పుడూ చూడలా.

రూతమ్మా ఖాసింబీ మాట్లాడుకోరు.
పద్దెనిమిది వందల చీటీ బాకీ. పంతొమ్మిదేళ్ళు.
మధ్యలో నేను తపాలా బంట్రోతుని.
"ఆమెనడుగు, ఉప్పు చాలిందో లేదో."
"ఆమెకి చెప్పు, ఉప్పు ఎక్కువ తింటే బీపీ అని."
గోంగూర గిన్నె నా చేతిలో
అటూ ఇటూ తిరిగి చల్లారిపోయింది.

పదకొండింటికి బయటపడింది అసలు సంగతి.
ఆకుపచ్చ పట్టు జాకెట్టు చంకల కాడే ఆగిపోయింది.
ఆది జాకెట్టు ఏదిచ్చావే అంటే
మొదటి పెళ్ళినాటిదంట, బీరువాలో అదొక్కటే చిరగలేదని.
మేం నవ్విన నవ్వుకి పక్కింటి కుక్క లేచి మొరిగింది.
తర్వాత ఏడ్చింది.
కుక్క కాదు, మాలకొండమ్మ.
"ఈ వయసులో నాకెందుకే ఇదంతా" అని
మంచం పట్టె మీద,
ఒక చెయ్యి జాకెట్లో, ఒక చెయ్యి బయట.

కుట్టుపని తెలిసింది రూతమ్మ ఒక్కతికే.
దాని కళ్ళల్లో శుక్లాలు, సూది బెజ్జం ఆనదు.
ఖాసింబీకి బాగా ఆనుద్ది,
నిరుడే ఒంగోల్లో ఆపరేషనయింది.
ఇంకేం చెయ్యను?
గోడవైపు తిరిగి నిద్రపోయినట్టు పడుకున్నా.

కత్తెర చప్పుడు. కుట్టు విడిపోయే చప్పుడు.
లోపలి మడతలో గుడ్డ ఎంత మిగిలిందో
వేళ్ళు కొలుచుకుంటున్నట్టుంది.
ఫోను లైటు గోడ మీద వణికింది.
రెండు దాటాక వినపడింది:
"కదలకుండా పట్టుకోవే, గుడ్డిమొకమా!"
"గుడ్డిమొకం నీది. దారం ఎక్కించింది ఎవురే?"
ఇక తెల్లారేదాకా
ఎవరికి షుగరు, ఎవరి కోడలు ఎట్టాంటిది,
ఏ మేస్త్రీ చచ్చాడు, చచ్చినోణ్ణి ఎంత తిట్టొచ్చు.
నన్ను కూడా ఒక మాట పిలుస్తారేమోనని చూశా.
పిలవలా.

కొండ కింద రూతమ్మ ఆగిపోయింది. మోకాళ్ళంది.
మోకాళ్ళేనా అని మేమడగలా.
చెప్పులకి కాపలా అని చెప్పి
సోడాబండి నీడన దాని పక్కనే కూలబడింది ఖాసింబీ.
పైన శింగయ్య చేతులు వణికితే
మూడో ముడి తిరపతమ్మే బిగించింది,
పొగాకు కట్ట బిగించినట్టు.
అప్పుడే టప్పుమని ఎక్కడో ఒక కుట్టు తెగింది.
పమిట సర్దేశాం.
సామి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కింద సత్రంలో శింగయ్య మేనల్లుడు
నోటుబుక్కు తెరిచి చదివింపులు చదివాడు.
తిరపతమ్మ, స్టీలు బిందె.
నావి రెండొందల పదహార్లు.
"కొండపి రూతమ్మ గారు, పద్దెనిమిది వందలు!"
రూతమ్మ సాంబారు చేత్తోనే లేచింది.
నేనెక్కడిచ్చాన్రా అనబోయి
ఖాసింబీ వంక చూసింది.
ఖాసింబీ పెరుగు బకెట్టు ఎటు పోయిందా అని వెతుకుతోంది.

రూతమ్మ మళ్ళీ కూర్చుంది.
రెండు ముద్దలు మింగింది, నీళ్ళు తాగింది,
పంక్తి మొత్తానికీ వినపడేట్టు అడిగింది:
"మరి వడ్డీ ఏదే?"