మందు డబ్బా

ఎర్సీలియా ద్రాక్ష వరసల మధ్య
చిక్కుళ్లు చల్లి, పూత మీదే దున్నేస్తుంది.
మనకి కాదు, నేల తినడానికి.

మొగుడు దుయీలియో వీపున మోసిన
మందు డబ్బాని అడ్డంగా కోయించింది;
అందులో ఇప్పుడు కోడి పొదుగుతోంది.
అతని దగ్గు మాత్రం
ఇంకా మెట్లెక్కుతూనే ఉందంటుంది.

ఆ జూన్‌లో పదకొండు రోజులు వాన.
ఆల్యానికో ఆకుల వెనక తెల్లబూజు.
గట్టవతల నించి రోక్కో కేకేశాడు:
"ఒక్కసారి కొట్టు, రాత్రిపూట ఎవడు చూస్తాడు?"
ఆమె కోడి వంక చూసింది.

మూడొందల సీసాలు. అంతే.

కోతకొచ్చిన నాకూ ఒక గ్లాసు పోసింది.
వుల్తురె కొండ ఎప్పుడో కక్కిన బూడిద
నాలుక మీద వగరుగా కూర్చుంది.
మా భాషలో దీన్నీ మందే అంటారని
చెప్పబోయి,
గ్లాసు ఖాళీ చేశాను.