సుత్తె లెక్క

పొద్దున ఆరింటికి హసన్‌పర్తి దాటినంక
పట్టా చల్లగుంటది, కుండ కడుపు లెక్క.
పదకొండింటికి అదే పట్టా మీద
చెమట చుక్క పడితే చుయ్ మంటది.

నడుమ ఏం జరిగిందని అడిగితే
మా మేటు ఓదెలు "ఎండ జరిగింది" అంటడు.
మొగిలి సారయితే బోర్డు మీద బాణం గీసేటోడు:
వేడి ఎప్పుడూ ఎక్కువున్న కాడికెల్లి
తక్కువున్న కాడికే పోతది.
"మరి పైసలకు తెల్వదా సార్ ఈ సూత్రం?"
వెనుక బెంచీల కెల్లి సాంబలక్ష్మి అడిగింది.
సార్ డస్టర్ పట్టుకొని
శానాసేపు కిటికీల కెల్లి చూసిండు.
ఆ ప్రశ్న పరీక్షల రాలే.
వచ్చిన ప్రశ్నలకు నాకు ముప్పై ఒకటి పడ్డయి.
ముప్పై ఐదు కావాలె.

ఇప్పుడు నా చేతుల ఉన్నది కీమాన్ సుత్తె.
పైకి ఎత్తుతాంటే
పొద్దున తిన్న సద్దన్నం, పచ్చిపులుసు,
అండ్ల నలిపిన ఉల్లిగడ్డ
ఒక్కొక్కటే కట్టె ఎక్కి
సుత్తె తలకాయల కూసుంటయి.
దించితే
ఠంగ్.
క్లిప్పు అరవేలు జరుగుతది.

గా అరవేలుకా ఇంత అన్నం!
ఏదీ పోదు, చేతులు మారుతదనేటోడు సార్.
సరే, పట్టా పక్కన కూసోని లెక్క తీసిన.
కొంత క్లిప్పుకు.
కొంత ఇనుముల వెచ్చదనానికి, ముట్టుకుంటే తెలుస్తది.
కొంత చప్పుడుకు.
మిగిలింది కట్టె వెంబడి
వాపసు నా మోచేతికే.
ఇంతల తుమ్మ మీది కొంగ దిగ్గున లేచింది.
దాన్ని ఏ ఖాతల రాయాలె?
ఆ రెక్కలల్ల ఉన్నది నా సుత్తెనా,
అది పొద్దున మింగిన చేపనా?

జమ్మికుంట దిక్కు మలుపు కాడ
పట్టా జెర్రిపోతు లెక్క వంకర తిరిగింది.
ఓదెలు కూసోని ఒంటి కన్ను మూసి చూసిండు.
"జెండా తియ్యి స్వరూపా, ఉరుకు."

రామగుండం కెల్లి బొగ్గు బండి వస్తాంది.
కూత ఇనపడకముందే
కాళ్ల కింద కంకర చెప్పింది,
సీసల నీళ్లు గుండ్రంగ వణికినయి.
ఎదురుంగ ఉరికిన.
ఎర్ర జెండ ఊపుడుకు ఎంత ఖర్చు?
ఒక ముద్ద అన్నం గూడ కాదు.
దానికి బండి ఆగుతదా, నూరు జెండలు అడ్డం కట్టినా!
కొంగ తీరుగనే
జెండ ఉత్త మాట, బలం బ్రేకులది.
చక్రాలకు దిమ్మెలు కరుసుకున్నయి.
కీసుమని అరుపు, మాడిన వాసన,
ఒక్కో పెట్టె కింద నీలం పొగ.
నా ముంగట ఇరవై అడుగుల దూరంల
ఇంజను నిలబడి రొప్పింది.

అంత ఉరుకుడు ఎటు పోయింది?
దిమ్మె దగ్గర చెయ్యి పెట్టబోతే
ఓదెలు మణికట్టు పట్టి గుంజిండు.
"ఆన్నే ఉన్నది" అన్నడు.

పెట్టెలల్ల బొగ్గు చప్పుడు చెయ్యక కూసున్నది.
అది గూడ ఎన్నటిదో ఎండేనట,
ఏ ఆకు పట్టుకున్న ఎండనో.
నా నెత్తి మీద ఇయ్యాల్టిది.
నడుమ నేను, బీడీ వాసన తోటి ఓదెలు,
సీసల సగం వేడెక్కిన నీళ్లు.
డ్రైవరు కిందికి దిగి
ఇంజన్ల కెల్లి చల్లటి నీళ్లు తెచ్చిచ్చిండు.
గొంతు దిగుతాంటే బాణం గుర్తు కనపడ్డది.

రాత్రి కాజీపేట క్వార్టర్ల కరెంటు పోయింది.
గోడ ఇంకా పగటిని వదులుతనే ఉన్నది.
పిల్ల నిద్ర పట్టక మెసులుతాంది.
వీపు మీద చెయ్యేసిన.
జోకొట్టలే, ఊకనే ఏసిన.
సార్ ఒప్పుకోడేమో గని
అరచేతుల సుత్తె ఇంకా ఆగలే,
సన్నగ, తుమ్మెద లెక్క.

"అమ్మా, నీ చెయ్యి గుర్రు కొడతాంది" అన్నది.
తీసేద్దమని చూస్తే
ఇంకింత దగ్గరికి జరిగి
తనూ కొట్టుడు మొదలువెట్టింది.