ఓడకు

హార్బర్ లోపల రేకుల షెడ్డులో
మైలపల్లి నూకరాజు పసుపురంగు డబ్బా మూత తీశాడు.
చిలీ నుంచి రాగి ఖనిజంతో ఓడొచ్చింది,
సిబ్బందికి ఇంగ్లీషు అంతంతమాత్రం.
సాయంత్రం షిఫ్టుకి బోర్డులు కావాలి.
కాగితం మీద రాసిచ్చింది నేనే,
డాబాగార్డెన్స్‌లో మేడమీద క్లాసుల ధైర్యంతో.

వాల్వుకి: నో తొకెస్. ముట్టుకోకు.

"ఏటమ్మా, నిన్న తొకార్ అన్నారు, సీ ఎట్టినాను.
ఇయ్యాల క్యూ అంతన్నారు, పక్కన యూ అంతన్నారు.
ఒక్క మాటకి రెండు మొకాలేటి?"

ఎ అనే అచ్చు ఎదురైతే సీ మెత్తబడిపోతుంది,
క కాస్తా స అయిపోతుంది.
అలా కాకుండా వేషం మార్చుకుంది,
గొంతు మాత్రం మార్చుకోలేదు, అన్నాను.

దీపానికి: నో అపాగెస్. ఆర్పకు.
జీ పక్కన మళ్ళీ ఒక యూ.
"దీన్ని పలకాలా?"
పలకరు.
"మరెందుకు, పెయింటు దండగ?"

కిటికీలోంచి చూపించాను.
డాల్ఫిన్స్ నోస్ కింద ఇరుకు కాలవలో
కొండంత ఓడ, దాని పక్కటెముకలకి ఆనుకుని టగ్గు.
అది సరుకు మొయ్యదు,
అది లేకపోతే పెద్దది రాయిని గుద్దుకుంటుంది.
నూకరాజు ఏమీ అనలేదు.
ఆ యూ మీద ఇంకో కోటు వేశాడు.

పచ్చగీత దగ్గరికి: నో క్రూసెస్. దాటకు.
అప్పటికే జెడ్ రాసేశాడు.
బ్లేడుతో గీకితే పోయింది గానీ
సీ వెనకాల దాని నీడ ఉండిపోయింది.

బ్లేడు పక్కన పెట్టి,
బల్లమీద ఖనిజపు దుమ్ములో
వేలితో రాశాడు: దాటు. దాని కింద: దాటకు.
"ట కింద కొమ్ము ఏటైపోనాది?"
తనే వెతికాడు. క కింద దొరికింది.
"ఇక్కడికొచ్చి కూకున్నాది సూడండి!
ముప్పయ్యేళ్ళుగా రాస్తన్నాను,
ఒక్కపాలీ సూడనేదు."

బోర్డులన్నీ పురికొసతో కట్టాం.
ఏ బెర్తుకో తెలియాలని చీటీ మీద
తొందరగా రాశాను:
ఓడకు.

నూకరాజు దాన్ని చాలాసేపు చూశాడు.
"రెండు మొకాలకి ఒక్క మాటన్నారు.
ఇది ఒక్క మొకానికి రెండు మాటలు.
ఎవురికమ్మా?"

సర్టిఫికెట్ పరీక్ష రెండుసార్లు తప్పానని
అతనికి నేనెప్పుడూ చెప్పలేదు.
మూడోదానికి ఫీజు గడువు రేపే.

ట్రాలీ కుర్రాడు హారన్ కొడుతున్నాడు.
చీటీ తిప్పి
ఓడ పేరు రాద్దామని పెన్ను తీసి
మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.